భూగర్భజలంలో చేరిన క్లోరిన్ ద్రావణులను నానో ఇనుముతో తొలగించడం: సమగ్ర మార్గదర్శి

లోహపు భాగాలకు అంటిన గ్రీజును వదిలించడానికి, డ్రైక్లీనింగ్ దుకాణాల్లో బట్టలను శుభ్రం చేయడానికి ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ కాలం వాడినవి ట్రైక్లోరోఇథిలీన్, టెట్రాక్లోరోఇథిలీన్ అనే క్లోరిన్ ద్రావణులు. వీటిని ఇకపై టీసీఈ, పీసీఈ అని పిలుద్దాం. వాడేసిన ద్రావణిని ఫ్యాక్టరీ వెనక గుంటలో పారబోయడం, నేలలో పాతిన ట్యాంకుల నుంచి అది కారిపోవడం ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని సంగతులు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తాగునీటిలో టీసీఈకి విధించిన పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. ఆ లెక్కన ఒక్క కిలో టీసీఈ 20 కోట్ల లీటర్ల నీటిని ఆ పరిమితి దాకా చేర్చగలదు.

ఈ ద్రావణులను నేలలోనే విచ్ఛిన్నం చేయడానికి ఇనుము పనికొస్తుందని కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ గిల్‌హామ్ బృందం 1990ల తొలినాళ్లలో స్పష్టంగా నిరూపించింది. ఇనుము తన ఎలక్ట్రాన్లను ద్రావణి అణువుకు ఇస్తుంది, ఆ అణువులోని క్లోరిన్ క్లోరైడ్‌గా విడిపోతుంది, చివరికి ఇథిలీన్, ఈథేన్ వాయువులు మిగులుతాయి. అప్పట్లో ఇనుప రజనును కందకంలో నింపి, కలుషిత జలం దాని గుండా పారేలా గోడ కట్టేవారు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో వేషియాన్ జాంగ్ బృందం 1997లో ఇదే ఇనుమును 100 నానోమీటర్ల లోపు పరిమాణంలో తయారుచేసి పరీక్షించింది. 50 మైక్రాన్ల ఇనుప రేణువుల గ్రాము ఉపరితలం సుమారు 0.015 చదరపు మీటర్లైతే, 50 నానోమీటర్ల కణాలది దాదాపు 15 చదరపు మీటర్లు. చర్య వేగం ఉపరితలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, వెయ్యి రెట్లు పెరిగిన ఈ ఉపరితలమే నానో ఇనుముకున్న బలం. నీటిలో కలిపి బోరు ద్వారా లోతుకు పంపగలగడం రెండో బలం.

అయితే ఈ పని ఫలిస్తుందా లేదా అన్నది ఇనుము నేలలోకి దిగకముందే చాలావరకు తేలిపోతుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఇంజెక్షన్ కంటే దానికి ముందు చేయవలసిన పనులకే ఎక్కువ చోటు ఇచ్చాను.

మొదటి దశ: కాలుష్యం ఇనుముకు లొంగేదేనా?

పీసీఈ, టీసీఈ, డైక్లోరోఇథిలీన్లు, వినైల్ క్లోరైడ్ నానో ఇనుముతో చర్య జరుపుతాయి. 1,1,1-ట్రైక్లోరోఈథేన్ కూడా లొంగుతుంది. కార్బన్ టెట్రాక్లోరైడ్ వేగంగానే తగ్గుతుంది గానీ, అందులో కొంత భాగం క్లోరోఫామ్‌గా, అక్కడి నుంచి డైక్లోరోమీథేన్‌గా మారి ఆగిపోతుంది. డైక్లోరోమీథేన్, 1,2-డైక్లోరోఈథేన్ అనే రెండింటిపై ఇనుము ప్రభావం దాదాపు శూన్యం. బెంజీన్, టోలీన్, అసిటోన్, మిథనాల్ వంటి క్లోరిన్ లేని ద్రావణులను ఇది అసలు ముట్టుకోదు.

తెలుగు పాఠకులు ఈ జాబితాను ప్రత్యేకంగా గమనించాలి. హైదరాబాద్ చుట్టుపక్కల విస్తరించిన మందుల పరిశ్రమలో డైక్లోరోమీథేన్, టోలీన్, మిథనాల్ విరివిగా వాడుకలో ఉన్నాయి. అలాంటి ఫ్యాక్టరీ పక్కన నీరు చెడితే, ముందుగా ల్యాబులో గ్యాస్ క్రోమటోగ్రఫీ ద్వారా ఏ ద్రావణి ఎంతుందో విడివిడిగా తేల్చుకోవాలి. "ద్రావణుల కాలుష్యం ఉంది, నానో ఇనుము వాడదాం" అనే నిర్ణయం ఆ నివేదిక చేతికి రాకుండా తీసుకుంటే డబ్బంతా వృథా అవుతుంది. డైక్లోరోమీథేనే ప్రధానమైతే ఈ మార్గదర్శిని ఇక్కడే పక్కన పెట్టి, సూక్ష్మజీవుల పద్ధతినో, నీటిని పైకి తోడి శుద్ధి చేసే పద్ధతినో చూసుకోవడం మేలు.

రెండో దశ: ద్రావణి ఎక్కడ దాగి ఉందో కనిపెట్టడం

మొత్తం పనిలో ఇదే కష్టమైనది, ఎక్కువ కాలం పట్టేది, డబ్బు మిగుల్చుకుందామని అందరూ మొదట కోత పెట్టేదీ ఇదే. టీసీఈ సాంద్రత నీటికి 1.46 రెట్లు, పీసీఈది 1.62 రెట్లు. పెట్రోలులా ఇవి నీటిమట్టం మీద తేలవు. నీటిని తోసుకుంటూ కిందికి దిగి, దారిలో ఇసుక రేణువుల మధ్య చిన్న చిన్న బొట్లుగా చిక్కుకుని, బంకమన్ను పొర తగిలినచోట మడుగు కడతాయి. ఆ మడుగు నుంచి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కరిగి, నీరు పారే దిశలో పొడవైన కలుషిత ప్రవాహంగా సాగుతాయి. నానో ఇనుము చెల్లుబాటయ్యేది ఆ మూలస్థానం వద్దా, దాని చుట్టుపక్కలా మాత్రమే. కిలోమీటరు పొడవున సాగిన పల్చటి కాలుష్యమంతటా ఇనుమును పంపాలనుకోవడం ఖర్చు పరంగానూ, సాంకేతికంగానూ అర్థం లేని పని.

మూలాన్ని వెతకడానికి ముందు పాత రికార్డులు చూడాలి: గ్రీజు వదిలించే తొట్టి ఎక్కడుండేది, డ్రమ్ములు ఎక్కడ నిలవ చేసేవారు, మురుగు గొట్టం ఎటు వెళ్లేది, పాత కార్మికులకు ఏమి గుర్తుంది. ఆ తర్వాత నేలలోని వాయువులను పరీక్షించి, అనుమానమున్నచోట మట్టి స్తంభాలను బయటికి తీసి, కొద్ది సెంటీమీటర్లకు ఒకటి చొప్పున నమూనాలు తీయాలి. ఒకే బోరులో వేర్వేరు లోతుల నుంచి నీటిని విడిగా తీసే ఏర్పాటు తప్పనిసరి. పది మీటర్ల జల్లెడ గొట్టమున్న బోరు అన్ని లోతుల నీటినీ కలిపేసి, మధ్యలో ఉన్న గాఢమైన పొరను మన కంట పడకుండా చేస్తుంది. నీటిలో టీసీఈ గాఢత దాని ద్రావణీయతలో ఒక శాతం దాటితే, అంటే లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాములకు మించితే, దగ్గర్లో ఎక్కడో కరగని ద్రావణి ఉందని అనుమానించాలని ఈ రంగంలో ఒక మోటు సూత్రం వాడుకలో ఉంది. అది అనుమానానికే ఆధారం, రుజువు కాదు.

తెలంగాణలో ఎక్కువ భాగం, రాయలసీమలో కొంత భాగం గ్రానైట్ నేల. ఇక్కడ నీరు పైనున్న మొరం పొరలోనూ, దాని కింది రాతి పగుళ్లలోనూ కదులుతుంది. ఇసుక నేలల అనుభవం నుంచి పుట్టిన పద్ధతులు ఇక్కడ యథాతథంగా పనిచేయవు. పగుళ్ల దిశ తెలియకుండా ఇనుము పంపితే అది ఒకే వెడల్పైన పగులు వెంబడి పారిపోయి, ద్రావణి ఉన్న సన్నని పగుళ్లకు చేరదు. పైగా చుట్టుపక్కల వ్యవసాయ బోర్లు నడుస్తుంటే నీరు పారే దిశ సీజను బట్టి మారుతుంది. కాబట్టి అర కిలోమీటరు పరిధిలో నడిచే ప్రతి బోరునూ పటంలో గుర్తించి, వానాకాలంలోనూ ఎండాకాలంలోనూ నీటిమట్టాలు కొలిచి, బ్రోమైడ్ ఉప్పు వంటి జాడ పదార్థాన్ని ఒక బోరులో వదిలి అది ఏ బోరులో ఎప్పుడు కనిపిస్తుందో చూడాలి. ఈ జాడ పరీక్ష తర్వాత గీసిన పటం, ముందు ఊహించుకున్న పటంతో సరిపోలడం అరుదు.

మూడో దశ: నీటి రసాయనాన్ని చదవడం

ఇనుము ద్రావణితోనే కాక, ఎలక్ట్రాన్లు తీసుకోగల ప్రతి దానితోనూ చర్య జరుపుతుంది. నీటిలో కరిగిన ఒక గ్రాము ఆక్సిజన్ సుమారు 3.5 గ్రాముల ఇనుమును తినేస్తుంది. ఒక గ్రాము నైట్రేట్ పూర్తిగా అమ్మోనియంగా మారితే సుమారు 3.6 గ్రాముల ఇనుము ఖర్చవుతుంది. తాగునీటిలో నైట్రేట్‌కు భారత ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. తెలంగాణలో చాలా గ్రామాల బోర్లు ఈ హద్దును దాటి ఉన్నాయి. సరిగ్గా 45 ఉన్నా, లీటరు నీటికి 160 మిల్లీగ్రాముల ఇనుము ద్రావణి దరికి చేరకముందే హరించుకుపోతుంది, బదులుగా అమ్మోనియం మిగులుతుంది. అందుచేత కరిగిన ఆక్సిజన్, నైట్రేట్, సల్ఫేట్, పీహెచ్, ఆక్సీకరణ-క్షయకరణ పొటెన్షియల్ (నీరు ఎలక్ట్రాన్లను తీసుకునే స్వభావంలో ఉందా, ఇచ్చే స్వభావంలో ఉందా చూపే వోల్టేజి), కాఠిన్యం, క్లోరైడ్ అన్నింటినీ ఇంజెక్షన్‌కు ముందే కనీసం రెండు సీజన్లలో కొలిచి ఉంచుకోవాలి. తర్వాత వచ్చే మార్పును పోల్చుకోవడానికి ఈ అంకెలే ఆధారం.

నాలుగో దశ: కణాన్ని ఎంచుకోవడం

పూత లేని నానో ఇనుము చౌకైనది, చురుకైనది, కానీ నేలలో నడవలేనిది. కణాలు అయస్కాంత ఆకర్షణతో ఒకదానికొకటి అతుక్కుని నిమిషాల్లోనే గుంపులుగా మారి, ఇసుకలో మీటరు దూరం కూడా పోకుండా ఆగిపోతాయి. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ వంటి పాలిమర్ పూత వేస్తే గుంపు కట్టడం తగ్గి, కొన్ని మీటర్ల దాకా వెళ్తాయి. అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో ఫెంగ్ హి, డాంగ్యె జావో ఈ పద్ధతిని 2000ల మధ్యలో అభివృద్ధి చేశారు. పల్లాడియం కొద్దిగా అద్దిన ఇనుము చర్యను ఎంతో వేగిరపరుస్తుంది. 2001లో వెలువడిన ఎలియట్, జాంగ్‌ల తొలి క్షేత్ర పరీక్షలో న్యూజెర్సీ రాష్ట్రం ట్రెంటన్‌లోని ఒక కర్మాగార స్థలంలో ఇలాంటి కణాలు 1.7 కిలోలను భూమ్యాకర్షణ సాయంతోనే బోరులోకి పంపారు. నాలుగు వారాల పరిశీలనలో టీసీఈ గరిష్ఠంగా 96 శాతం వరకు తగ్గింది. అయినా పల్లాడియం ధర, అది నేలలోనే మిగిలిపోవడం, సల్ఫైడ్ తగిలితే దాని చురుకు చచ్చిపోవడం అనే మూడు కారణాల వల్ల మామూలు క్షేత్రపు పనికి దాన్ని నేను సిఫారసు చేయను.

నేటి ఎంపికల్లో నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది సల్ఫైడ్ పూత వేసిన ఇనుము. ఇనుము తన శక్తిలో పెద్ద భాగాన్ని ద్రావణిపై కాక నీటిపైనే వృథా చేసుకుంటుంది. నీటితో చర్య జరిపి హైడ్రోజన్‌ను వదులుతూ తుప్పు పడుతుంది. ఉపరితలంపై ఇనుప సల్ఫైడ్ పొర ఉంటే నీటితో జరిగే చర్య బాగా తగ్గి, టీసీఈతో చర్య మాత్రం కొనసాగుతుంది. కణం ఆయుష్షు పెరుగుతుంది, ఒక్కో కిలో ఇనుముకు విచ్ఛిన్నమయ్యే ద్రావణి కూడా పెరుగుతుంది.

కరగని ద్రావణి మడుగు ఉన్నచోట మరో దారి ఉంది. ఫ్లోరిడాలోని కేప్ కెనావెరల్‌లో 34వ ప్రయోగ వేదిక వద్ద రాకెట్ ఇంజిన్ భాగాలను కడిగిన టీసీఈ నేలలోకి ఇంకింది. అక్కడ నాసా, సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం కలిసి, ఇనుప కణాలను నీటితో సహా వెజిటబుల్ నూనె పొరలో బంధించిన ఎమల్షన్‌ను 2002లో పరీక్షించాయి. నూనె ద్రావణితో కలిసిపోతుంది కాబట్టి ఆ బొట్టు నేరుగా మడుగులోకి చేరి, టీసీఈని లోపలికి లాగి ఇనుముకు అందిస్తుంది. 90 రోజుల్లో ఆరు మట్టి నమూనా స్థానాల్లో నాలుగింటిలో టీసీఈ 80 శాతానికి పైగా తగ్గింది. మిగిలిన రెండింటిలో ఫలితం తగ్గడానికి కారణం రసాయనం కాదు. ఎమల్షన్ అనుకున్న లోతున నిలవకుండా పైకి ఎగబాకింది.

ఐదో దశ: సీసాలో పరీక్ష

కణం ఏదైనా, అమ్మేవారి కాగితాల మీద ఉన్న వేగాన్ని నమ్మకుండా, ఆ స్థలం నుంచే తెచ్చిన నీరు, మట్టి వాడి ల్యాబులో పరీక్షించాలి. గాలి తగలకుండా తెచ్చిన నమూనాలను టెఫ్లాన్ పొర ఉన్న మూతలు గల గాజు సీసాల్లో నింపి, కొన్నింటిలో ఇనుము వేసి, కొన్నింటిలో ఏమీ వేయకుండా, రెండు రకాలనూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంచాలి. టీసీఈ తేలిగ్గా ఆవిరయ్యే పదార్థం. ఇనుము లేని సీసాలు పక్కన లేకపోతే మూతలోంచి పోయినది కూడా ఇనుము ఘనతగానే లెక్కకు వస్తుంది. తగ్గిన టీసీఈని మాత్రమే కాక, పుట్టిన ఇథిలీన్, ఈథేన్, ఎసిటిలీన్, క్లోరైడ్‌లను కూడా కొలిచి జమాఖర్చు సరిపోయిందో లేదో చూడాలి. కనీసం మూడు మోతాదులు ప్రయత్నించాలి. ఆ తర్వాత అదే మట్టి నింపిన గొట్టం గుండా కణాలను పంపి, ఎంత దూరం నడుస్తాయో కొలవాలి. ఈ రెండో పరీక్షను చాలామంది వదిలేస్తారు, కానీ ఇంజెక్షన్ బోర్ల మధ్య దూరం నిర్ణయించేది అదే.

ఆరో దశ: మోతాదు లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. శుద్ధి చేయవలసిన మూలస్థానం 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల మందం, అంటే 300 ఘనపు మీటర్లు. రేణువుల మధ్య ఖాళీ 30 శాతమైతే అందులో 90 ఘనపు మీటర్ల నీరుంటుంది. టీసీఈ లీటరుకు 20 మిల్లీగ్రాములుంటే నీటిలో ఉన్నది 1.8 కిలోలు, మట్టికి అంటుకున్నది కూడా అంతే అనుకుంటే మొత్తం 3.6 కిలోలు. ఒక కిలో టీసీఈని పూర్తిగా ఈథేన్‌గా మార్చడానికి సిద్ధాంతరీత్యా 1.7 కిలోల ఇనుము చాలు, అంటే 6 కిలోలతో పని అయిపోవాలి.

నిజానికి అలా జరగదు. కణం ద్రావణిని కలుసుకోవాలంటే ఆ మట్టి అంతటా పరుచుకోవాలి, దారిలో నీరు, ఆక్సిజన్, నైట్రేట్ తమ వాటా తీసుకుంటాయి. అందుకే క్షేత్రంలో మోతాదును మట్టి బరువును బట్టి నిర్ణయిస్తారు. కిలో మట్టికి ఒక గ్రాము ఇనుము అనుకుంటే, ఘనపు మీటరుకు 1.7 టన్నుల చొప్పున 510 టన్నుల మట్టికి 510 కిలోల ఇనుము కావాలి. సిద్ధాంతానికి ఇది 80 రెట్ల పైమాటే.

ఇప్పుడు ఆ ఇనుమును నీటిలో కలపాలి. లీటరుకు 5 గ్రాముల ఇనుము కలిపిన ద్రవం (స్లర్రీ) అయితే 102 ఘనపు మీటర్లు పంపవలసి వస్తుంది. నేలలో ఉన్న నీరే 90 ఘనపు మీటర్లు! కలుషిత జలమంతా పక్కకు నెట్టబడి, బోరులో శుభ్రమైన నీరు కనిపించి, శుద్ధి జరిగిందనే భ్రమ కలుగుతుంది. లీటరుకు 20 గ్రాములైతే దాదాపు 25 ఘనపు మీటర్లతో సరిపోతుంది, కానీ గాఢత పెరిగేకొద్దీ కణాలు గుంపు కట్టడమూ పెరుగుతుంది. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ జిగురు కలిపితే ద్రవం నిలకడగా ఉన్నప్పుడు చిక్కబడి కణాలను పట్టి ఉంచుతుంది, ఒత్తిడితో నెట్టినప్పుడు పల్చబడి పారుతుంది. మోతాదు, గాఢత, ఘనపరిమాణం మూడూ కలిసి కుదిరేదాకా ఈ లెక్కను మార్చి మార్చి వేయాలి.

ఇంకొక లెక్క భద్రత కోసం. కిలో ఇనుము పూర్తిగా నీటితో చర్య జరిపితే సుమారు 400 లీటర్ల హైడ్రోజన్ పుడుతుంది. 510 కిలోలకు అది 200 ఘనపు మీటర్లు దాటుతుంది. ఇదంతా ఒక్కసారిగా రాదు, వారాల నుంచి నెలల పాటు వస్తుంది. అయినా సమీపంలో సెల్లారు, పంపు గది, మూసిన మ్యాన్‌హోలు ఉంటే అక్కడ హైడ్రోజన్ మీటరు, గాలి పోయే మార్గం ఉండి తీరాలి. గాలిలో 4 శాతం హైడ్రోజన్ చేరితే మంట అంటుకునే ప్రమాదం ఉంది.

ఏడో దశ: అనుమతులు

నేలలోకి ఏదైనా ఎక్కించడానికి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి లేకుండా పని మొదలుపెట్టకూడదు. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్ర పర్యావరణ శాఖ 2025లో ప్రత్యేక నియమాలు తెచ్చింది. స్థలాన్ని గుర్తించడం, పరిశోధించడం, శుద్ధి ఖర్చును బాధ్యులపై మోపడం వాటి పరిధిలోకి వస్తాయి. అధికారులు నానోకణాల గురించి సందేహాలు అడిగితే విసుక్కోవద్దు. బ్రిటన్‌లో రాయల్ సొసైటీ, రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్ 2004లో ఇచ్చిన నివేదిక, లాభం ప్రమాదాన్ని మించుతుందని తేలేదాకా స్వేచ్ఛా నానోకణాలను పర్యావరణ శుద్ధికి వాడవద్దని సూచించింది. తర్వాతి పరిశోధనల్లో ఈ కణాలు ఎక్కువ దూరం పోలేవని, కొద్ది నెలల్లో మామూలు ఇనుప ఆక్సైడ్లుగా మారతాయని కనిపించింది గానీ, తాగునీటి బోరు దగ్గర్లో ఉంటే ఆ వాదన మీద ఆధారపడకుండా మధ్యలో కాపలా బోరు (కణాలు అటు వస్తున్నాయేమో ముందే పట్టుకునే పరీక్ష బోరు) తవ్వించాలి.

ఎనిమిదో దశ: కలపడం, ఎక్కించడం

పొడి నానో ఇనుము గాలి తగిలితే తనంతట తానే రాజుకోగలదు. డబ్బాలు నైట్రోజన్ కింద తెరవాలి, పొడి ఇసుక దగ్గర ఉంచుకోవాలి, మండుతున్న లోహంపై నీళ్లు చల్లకూడదు. స్లర్రీ రూపంలో కొన్నది ఈ విషయంలో క్షేమమే అయినా, అది డబ్బాలోనే రోజురోజుకూ తుప్పు పడుతుంది కాబట్టి తయారీ తేదీ చూసి తెప్పించుకోవాలి. కలిపే నీటిలోంచి నైట్రోజన్ బుడగలు పంపి ఆక్సిజన్ తీసేయాలి. వేగంగా తిరిగే మిక్సరుతో కలిపి, పంపు ఆగేదాకా కలియబెడుతూనే ఉండాలి. భోజనానికని అరగంట ఆపితే ఇనుము ట్యాంకు అడుగున పేరుకుంటుంది.

మూలస్థానపు అంచుల నుంచి మధ్యకు రావాలి, మధ్య నుంచి బయటికి కాదు. లేకపోతే ద్రావణి బయటి శుభ్రమైన నేలలోకి నెట్టబడుతుంది. మెత్తని నేలలో గొట్టాన్ని నేరుగా దింపి అర మీటరుకో, మీటరుకో ఆగుతూ ఎక్కించవచ్చు. గ్రానైట్‌లో బోరు వేసి, ఎంచుకున్న పగులుకు పైనా కిందా రబ్బరు ప్యాకర్లు (బోరును ఆ లోతులో మూసే బిరడాలు) బిగించి, ఆ పగులులోకి మాత్రమే పంపాలి. ఒత్తిడిని నెమ్మదిగా పెంచాలి. పక్క బోరులోంచో, నేల బీటలోంచో నల్లటి నీరు పైకి వస్తే వెంటనే ఆపి, ఆ చోటు వదిలి మరో చోటికి మారాలి. కేప్ కెనావెరల్‌లోలాగా పదార్థం పైకి జారిపోతే ఆ లోతులోని ద్రావణి యథాతథంగా మిగిలిపోతుంది.

తొమ్మిదో దశ: ఫలితాన్ని కొలవడం

ఇంజెక్షన్ తర్వాత మొదటి వారంలో పీహెచ్ పెరుగుతుంది, ఆక్సీకరణ-క్షయకరణ పొటెన్షియల్ రుణ విలువల్లోకి, తరచూ -400 మిల్లీవోల్టుల కిందికి పడిపోతుంది. ఇది ఇనుము అక్కడికి చేరిందనడానికి గుర్తే తప్ప, ద్రావణి విచ్ఛిన్నమవుతోందనడానికి కాదు. టీసీఈ తగ్గడం కూడా ఒంటరిగా రుజువు కాదు, ఎందుకంటే పలచబడినా, పక్కకు జరిగినా అంకె తగ్గుతుంది. ఇథిలీన్, ఈథేన్ కనిపించి, క్లోరైడ్ ఆ మేరకు పెరిగినప్పుడే నమ్మాలి. స్థలంలో క్లోరైడ్ సహజంగానే ఎక్కువగా ఉంటే కార్బన్ ఐసోటోపుల (బరువు వేరైన కార్బన్ రకాల) నిష్పత్తి పరీక్ష చేయించడం మంచిది. విచ్ఛిన్నమైనచోట మిగిలిన టీసీఈలో కార్బన్-13 పాలు పెరుగుతుంది, పలచబడినచోట మారదు.

నమూనా సీసాలో ఇనుప కణాలు చేరితే అక్కడ కూడా చర్య సాగుతూనే ఉంటుంది. నిలవ కోసం అందులో ఆమ్లం పోస్తే హైడ్రోజన్ బుడగలు లేచి టీసీఈని తమతో తీసుకుపోతాయి. కాబట్టి అయస్కాంతంతో కణాలను ఒక పక్కకు లాగి, తేరిన నీటిని కదపకుండా తీసి, వీలైనంత త్వరగా ల్యాబుకు పంపాలి.

వారానికోసారి ఒక నెల, తర్వాత నెలకోసారి ఆరు నెలలు, ఆపై మూడు నెలలకోసారి కనీసం రెండేళ్లు కొలవడం సబబు. బంకమన్నులోకి ఇంకిన ద్రావణి నెమ్మదిగా బయటికి వచ్చి, ఇనుము ఖర్చైపోయిన తర్వాత గాఢత మళ్లీ పెరగడం ఈ పనిలో చాలా మామూలు. ఆరు నెలల అంకెలతో విజయం ప్రకటించిన నివేదికలను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

పదో దశ: మిగిలినదాన్ని సూక్ష్మజీవులకు అప్పగించడం

ఇనుము సృష్టించిన ఆక్సిజన్ లేని వాతావరణం, అది వదిలిన హైడ్రోజన్ డీహాలోకాకాయిడీస్ అనే బాక్టీరియాకు అనుకూలమైనవి. ఈ బాక్టీరియా హైడ్రోజన్‌ను ఆహారంగా తీసుకుని టీసీఈని ఇథిలీన్ దాకా విడగొడుతుంది. కేప్ కెనావెరల్‌లో కూడా నూనె ఉన్నచోట డైక్లోరోఇథిలీన్, వినైల్ క్లోరైడ్, ఇథిలీన్ పెరిగి, సూక్ష్మజీవుల పాత్రను చూపాయి. ఇక్కడే జాగ్రత్త అవసరం: సరైన బాక్టీరియా లేకపోతే చర్య వినైల్ క్లోరైడ్ వద్ద ఆగిపోతుంది, దాని పరిమితి టీసీఈ కంటే కఠినంగా లీటరుకు 2 మైక్రోగ్రాములు. ఆ అంకె పెరుగుతూ ఇథిలీన్ కనిపించకపోతే, డీఎన్‌ఏ పరీక్షతో ఆ బాక్టీరియా ఉందో లేదో తేల్చుకుని, పీహెచ్ 8 లోపుకు దిగాక బయటి నుంచి తెచ్చి వదలాలి.

మళ్లీ ఇనుము ఎక్కించాలా అన్న ప్రశ్నకు మూలస్థానపు బోర్లలో కరిగిన హైడ్రోజన్, పొటెన్షియల్ జవాబిస్తాయి. రెండూ ఇంజెక్షన్‌కు ముందున్న స్థాయికి వచ్చి, టీసీఈ కూడా పెరుగుతుంటే రెండో విడత అవసరం. అప్పుడు మోతాదును పాత లెక్కతో కాక, మొదటి విడతలో ఏ బోరులో ఎంత ఫలితం వచ్చిందో దాన్ని బట్టి చోటుచోటుకు మార్చాలి. అందుకే ఇంజెక్షన్ బోర్లను ఆఖరి విడత ఫలితాలు వచ్చేదాకా మూయకూడదు. మూసే రోజున మాత్రం అడుగు నుంచి పై దాకా బెంటోనైట్ అనే, తడిస్తే ఉబ్బే బంకమన్నుతో గట్టిగా నింపాలి, ఎందుకంటే మట్టి పోసి వదిలేసిన బోరు మిగిలిన ద్రావణి లోతైన పొరల్లోకి దిగడానికి దారి అవుతుంది.